ఆంజనేయులు మిషన్, శంకర్రావు టీవీ

“మల్ల ఎగిరింది ఫ్యూజు!”

కామాటిపుర పదో గల్లీలోని ఆ వరస గదుల చాల్ మూడో అంతస్తు ఒక్కసారిగా చీకటైంది. శంకర్రావు గదిలో టీవీ ముందు ఇరుక్కుని కూర్చున్న జనమంతా కేకలు వేస్తూ వరండాలోకి వచ్చిపడ్డారు. ఆదివారం సినిమాలో హీరోయిన్ అప్పుడే అత్తవారింట్లో అడుగు పెట్టింది.

“ఏయ్ ఆంజనేయులూ, నీ మిషన్ల మన్నువడ!” రత్నాబాయి వెళ్ళి అతని తలుపు దబదబా బాదింది. “పిచ్చర్ సురూ కాంగనే నీకు పని యాదికొస్తదా?”

ఆంజనేయులు తలుపు తీసి తల దించుకున్నాడు. ఆదివారం పగలు కూడా అతనికి నాగ్‌పాడా కార్ఖానాలో పనే. చీకటి పడ్డాక చప్పుడు చేస్తే చాల్ ఊరుకోదు. మిగిలేది ఈ కాస్త సాయంత్రం. పాత సామాన్ల అంగట్లో దొరికిన మోటారుకు తనే ఓ కరెంటు డబ్బా కట్టుకుని, గదిలోనే చిన్న లేత్ మిషన్ మీద ఇత్తడి గుబ్బలు తీస్తున్నాడు. కార్ఖానా మూతపడుతుందన్న మాట గట్టిగానే వినిపిస్తోంది. అదే జరిగితే ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ లేత్ వల్లనే.

“ఇంకొక్కపారి లైటు పోనీ, మిషన్ కింద గల్లీల ఉంటది,” అంది రత్నాబాయి. జనం ఔనంటే ఔనన్నారు.

“జర ఆగుండ్రి.” శంకర్రావు చేతులు అడ్డం పెట్టాడు. నిజానికి అందరికంటే ఎక్కువ అరవాల్సినవాడు అతనే. అంతస్తు మొత్తానికి టీవీ ఉన్నది ఆ ఇంట్లోనే. ఫ్యూజు వేసే తుకారాంను పక్క గల్లీ నుంచి వెతికి తెచ్చేసరికి సినిమా కాస్తా అయిపోతుంది. “గరీబోడు, పొట్టకోసం చేస్కుంటుండు. పిచ్చర్‌కేంది, మల్ల వారం రాదా? మిషన్ జోలికి పోకుండ్రి.”

“నీది దేవుని గుండె రావన్నా,” అంటూ రత్నాబాయి వెనక్కి తగ్గింది.

ఎగిరిన ప్రతిసారీ ఇదే తంతు. ప్రతిసారీ శంకర్రావే కాపాడతాడు.

“ఆ అన్న కోసమన్న దీని సంగతి తేల్చాలె,” అన్నాడు ఆంజనేయులు భార్య కిష్టమ్మతో. “మోటారు తిరుగుడు వట్టినంక ఫ్యూజుకు ఏం గాదు. డబ్బా స్విచ్చు ఏసిన చిటికెలనే ఎగురుతది. పని చేసేటప్పుడు తినని కరెంటు, లేవంగనే ఎందుకు తింటది?”

తెల్లవారి నల్లా నీళ్ళు వచ్చాయి. వరండా పొడుగునా ఖాళీ డ్రమ్ములు. అందరూ ఒకేసారి నల్లాలు తిప్పేసరికి చివరి గదివాళ్ళ నల్లా ఉత్త గాలి ఊదింది. డ్రమ్ములు నిండాకగానీ దానికి నీళ్ళు రాలేదు. పళ్ళు తోముకుంటున్న ఆంజనేయులు చెయ్యి ఆగిపోయింది.

“కిష్టా! డబ్బాల కరెంటు నింపుకునే కండెన్సర్లు కూడ ఖాళీ డ్రమ్ములే! స్విచ్చు ఏయంగనే ఒక్క గుటకల నిండుదామని గుంజుతున్నయ్!”

“అయితే నల్లా జరంత తిప్పు. పొద్దుగాల్నే నాకేంది ఈ లొల్లి?” అంటూ కిష్టమ్మ బిందె ఎత్తుకుంది.

కరెంటును జరంత తిప్పడమెలా? ఏదేదో చేసి చూసి, చివరికి కరెంటు వచ్చే దారికి అడ్డంగా ఓ పెద్ద బల్బు పెట్టాడు. స్విచ్చు వేయగానే బల్బు భగ్గుమంటుంది. దాన్ని దాటుకుని కరెంటు నెమ్మదిగానే లోపలికి పోతుంది. కండెన్సర్లు నిండేకొద్దీ బల్బు మసకబారుతుంది. అప్పుడు ఇంకో మీట వేస్తే కరెంటు బల్బుతో పనిలేకుండా నేరుగా పోతుంది. మోటారు తిప్పేది ఆ తర్వాతే.

ఆదివారం వచ్చింది. రత్నాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆంజనేయులు స్విచ్చు వేశాడు. బల్బు భగ్గుమంది, మెల్లగా మసకబారింది. మీట వేశాడు. మోటారు తిప్పాడు. లేత్ రుయ్యిమంది.

వరండాలో లైటు రెప్ప కూడా వేయలేదు. శంకర్రావు గదిలోంచి పాట అలాగే వినిపిస్తోంది.

“శాబాస్ బిడ్డా!” అని రత్నాబాయి సినిమాకు పరుగు తీసింది. ఆ రోజు కింది అంతస్తువాళ్ళు కూడా వచ్చారు. పిల్లలు శంకర్రావు మంచమెక్కారు. సినిమా అయిపోయాక వార్తలు కూడా చూసి, అర్ధరాత్రి దాకా ముచ్చట్లాడిగానీ ఎవరూ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే శంకర్రావు వచ్చాడు. నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి. డబ్బా పక్కన చతికిలబడ్డాడు.

“ఏం జేసినవ్ తమ్మీ దీనికి?”

ఆంజనేయులు సంబరంగా అంతా విప్పి చూపించాడు. “అంత నీ కోసమే అన్నా. ఇగ నీ టీవీ బందు గాదు.”

“ఎన్నడు గాదా?”

“ఎన్నడు గాదు.”

“మరి ఈ బల్బు లేకుంటే?”

“ఠప్పున ఎగురుతది.”

“పక్కా?”

“పక్కా అన్నా.”

శంకర్రావు లేచి వరండాలో అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“ఆదివారం నాడు ఈ బల్బు తీసెయ్ తమ్మీ, నా ఇంట్ల నేను జర కాళ్ళు చాపుకుంటా.”