పచ్చరంగు తలుపు

లింబాయత్‌లోని మగ్గాల షెడ్డులో వెనక తలుపుకు, తెల్లవాళ్ల తనిఖీ ఉందని ఆ పొద్దున్నే పచ్చరంగు పూయించి, ‘ఫైర్ ఎగ్జిట్’ అని రాయించాడు సేఠ్. బయటి తాళం మాత్రం తీయలేదు. తీస్తే సరుకు పోతుందని అతని భయం.

కొత్త మగ్గాలు బిగించడానికి వచ్చిన చైనా మెకానిక్ అది చూసి నవ్వాడు. అతని మాటను ఫోను హిందీలో చెప్పింది: “తెల్లవాళ్లు అమాయకులు. మా దగ్గరా అంతే, ఏది చూపిస్తే అది నమ్మేస్తారు.”

మగ్గం నడిపే రఘుపతికి నవ్వు రాలేదు. అతని భార్య జమున ఆ తలుపు పక్కనే కూర్చుని బాబిన్లకు దారం చుడుతుంది.

మధ్యాహ్నం బట్ట కొనే కంపెనీ నుంచి తెల్లామె తనిఖీకి వచ్చింది. ఆ పచ్చ తలుపు తోసింది. కదల్లేదు. సందులోంచి తొంగి చూసింది.

“తాలా హై, మేడమ్,” అన్నాడు రఘుపతి తాళం తిప్పినట్టు వేళ్లతో చూపిస్తూ, పని పోతే పోనీ అనుకుని.

ఆమె అతని వైపు, జమున వైపు చూసింది. వేళ్లకంటిన పచ్చరంగును రుమాలుతో తుడుచుకుంది. “గుడ్, వెరీ గుడ్,” అని సేఠ్‌తో చేయి కలిపి వెళ్లిపోయింది.

“చూశావా? నమ్మేసింది!” అంది మెకానిక్ ఫోను.

జమున దగ్గరికొచ్చింది. “ఏందయ్యా, గామె తాళం చూడలేదా?”

“చూసింది,” అన్నాడు రఘుపతి. “గామె అమాయకురాలైనా అయ్యుంటే మంచిగుండేది.”