మొద్దు ప్రశ్నలు

"సార్, క్లిప్పు నొక్కినాక టక్కుమని వినపడకపోతే ఏం చేయల్ల?"

మళ్లీ ఆ గొంతే. ఆదిత్య చేతిలో రిమోటు ఆగిపోయింది.

పెనుకొండ దాటినాక కార్లకు వైర్ల కట్టలు చేసే ఫ్యాక్టరీ అది. కొత్తగా చేరిన ఆడపిల్లలకు పని నేర్పే పాఠాలు తయారు చేసేది ఆదిత్యే. హిందూపురం బట్టలంగడోళ్ల కొడుకు, బెంగళూరులో చదివొచ్చినాడు. అబ్బో, ఆ పాఠాల సోకు చెప్పనలవి కాదు. తెర మీద బొమ్మలు ఎగురుతాయి, సరైన జవాబు నొక్కితే చప్పట్లు మోగుతాయి.

తన పాఠం చూసినాక ఎవరికీ ప్రశ్నే రాకూడదనేవాడు. వచ్చిందంటే లోపం పాఠంలో కాదంట, తలకాయలో అంట.

ఆ అడిగినామె ఉలిగమ్మ. నడివయసు మనిషి. తలకు అందరి మాదిరే నీలం టోపీ. పోయిన బ్యాచీలోనూ ఉండింది, అంతకు ముందుదాంట్లోనూ ఉండింది. ఫెయిలైనోళ్లు మళ్లీ వచ్చి కూర్చోవచ్చని కంపెనీ రూలు. ఎన్నిసార్లు కూర్చున్నా ఎక్కని బుర్ర అనుకున్నాడు ఆదిత్య. పేరు తప్ప ఆమెను ఇంకేమీ అడిగిన పాపాన పోలేదు.

"ఏమ్మా, ఆ తలకాయ టోపీ పెట్టుకునేదానికేనా?"

పిల్లలు తలలొంచుకున్నారు. ఉలిగమ్మ మాత్రం నవ్వింది.

"మొద్దుదాన్ని సార్. ఇంగోసారి చెప్పండి."

పళ్లు కొరుకుతా చెప్పినాడు. అంతటితో ఊరుకుందా. నల్ల వైరూ ముదురు నీలం వైరూ లైటు కింద ఒకే మాదిరి కనపడతాండాయి, ఎట్ల గుర్తుపట్టేదని ఇంకోటి అడిగింది.

ఆ పొద్దు మేనేజరు వెనక నిలబడి వింటున్నాడు. ఈ బ్యాచీ అంతా పాసైతే బెంగళూరు హెడ్డాఫీసులో పెద్ద ఉద్యోగం నీదేనని ఆదిత్యకు మాటిచ్చిన మనిషి ఆయనే. ఆదిత్యకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం గేటు కాడికి పోయి వాచ్‌మన్ తిరుపాల్‌తో చెప్పినాడు, ఆ ఉలిగమ్మను రేపటి నుంచి లోపలికి రానీయొద్దని.

"ఏం తప్పు చేసింది సార్?"

"తెలివి లేకపోవడం చాలదా?"

తిరుపాల్ ఇంకేమో చెప్పబోయి, సార్లతో మనకేల అని నోరు మూసుకున్నాడు.

ఆ మరుసటి దినం నుంచి క్లాసు ఎంత నున్నగా సాగిందో. అర్థమైందా అంటే చాలు, అయింది సార్ అని అందరూ ఒకే రాగం. అడిగే నాథుడు లేడు. పీడ విరగడైందనుకున్నాడు. హిందూపురంలో వాళ్లమ్మ అప్పుడే వీధంతా చెప్పుకునింది, మావోడు హెడ్డాఫీసుకు పోతాన్నాడని.

పరీక్ష పెట్టినారు. వైర్ల కట్టకు టేపు చుట్టి చూపించల్ల. బ్యాచీ బ్యాచీ అంతా ఉల్టా చుట్టి పెట్టినారు. పాసైన పిల్ల ఒక్కతీ లేదు.

తెర మీద బొమ్మ ఎదురుగా నిలబడి చుడతాది కదా. దాని కుడి, చూసేవాళ్లకు ఎడమ. అంత చదివినాయప్పకు అది తట్టలేదు.

హెడ్డాఫీసు ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆదిత్య కోపమంతా పిల్లల మీదికి మళ్లింది. ధర్మవరంలో మగ్గం మాని పనికొచ్చిన భవానిని పిలిచి నిలదీసినాడు.

"బొమ్మ కుడి చెయ్యా, మా కుడి చెయ్యా అని మాకూ అనుమానమే సార్" అనింది ఆ పిల్ల.

"అడగడానికేం రోగం?"

"అడిగితే మొద్దులని తీసేస్తారని భయం. అనుమానం ఏమొచ్చినా టీ తాగేటప్పుడు ఉలిగమ్మక్కకు చెప్తాంటిమి. మా బదులు ఆయక్క అడుగుతాండె."

ఆదిత్య వెటకారంగా నవ్వినాడు.

"ప్రతిసారీ ఫెయిలయ్యే మనిషి. ఆమెకు లేదా ఆ భయం?"

"ఆయక్క పరీక్ష యాడ రాసింది సార్?"

ఆదిత్య పాత బ్యాచీల మార్కుల లిస్టు తిరగేసినాడు, ఆమె పేరు యాడా లేదు.

భవాని నేల చూస్తా మెల్లగా చెప్పింది: "ఆయక్క ఈడ నేర్చుకునేకి వచ్చిందే కాదు సార్, మన బాత్రూములు కడిగేకి వచ్చేది, మాకు నోరు పెగల్దని, తాను సంగటి తినే టైములో వచ్చి మా పక్కన కూర్చుంటాండె."