పదహారో నంబరు బంతి

దసరా నాడు నాగావ్‌లో సాంచెలకు పూజ చేసి, మరమగ్గాల కార్ఖానా యజమాని కాశీనాథ్ తన పనివాళ్లందరినీ మాల్‌లో బౌలింగ్ ఆటకు తీసుకెళ్లాడు.

బంతుల మీద ఆరు నుంచి పదహారు దాకా బరువు అంకెలు వేసి ఉన్నాయి. కాశీనాథ్ నేరుగా పదహారు పట్టుకున్నాడు. పనివాళ్ల ముందు సేఠ్ అంతకు తక్కువ ముట్టుకుంటే పరువేముంటుంది?

ఇరవై ఏళ్లుగా నూలు చుట్టిన బరువైన బీములు భుజాన మోస్తున్న దత్తాత్రి మాత్రం ఆరో నంబరు తీసుకున్నాడు.

"ఏంది దత్తాత్రి, గంత బీము మోసేటోనివి, పోరగాళ్ల బంతి పట్టినవ్?" అన్నాడు కాశీనాథ్.

"ఆడ మోస్తే మీరు పైసలిస్తరు సేఠ్. ఈడ మనమే పైసలిచ్చి మోసుడెందుకు?"

అందరూ నవ్వారు. కాశీనాథ్‌కు నవ్వు రాలేదు. పదహారును రెండు చేతులా ఎత్తి విసిరాడు. బంతి ఒక్క పిన్నునూ తాకకుండా పక్క కాలువలో పడి దొర్లిపోయింది. సేఠ్ నడుము పట్టేసి అక్కడే కూలబడ్డాడు.

"ఏం చూస్తున్నవ్? లేపు!"

దత్తాత్రి మెడలోని తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, సేఠ్‌ను బీములాగే దాని మీదికి ఎత్తుకున్నాడు. లిఫ్టు దగ్గర ఆగి నెమ్మదిగా అడిగాడు.

"సేఠ్, గిది ఆట కిందికొస్తదా, పని కిందికొస్తదా?"