వంటింటి దగ్గర పదకొండు పేర్లు

అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగు ఇంకా వారం ఉందనగా, మ్యూజియంగా మారిన పాత బంగళా కెల్లమ్ హౌస్ గేటుకు కొత్త బోర్డు వేలాడింది.

మన మహనీయులను కించపరిచే మాట ఎవరి నోటైనా వింటే చీటీ రాసి పక్కనున్న పెట్టెలో వేయమని దాని సారాంశం.

పదకొండేళ్లుగా అక్కడ గైడుగా ఉన్న లోర్నా ప్రుయిట్ మీద రెండు రోజుల్లో రెండు చీటీలు పడ్డాయి. ఆమె మాటల్లో బానిసల గోల ఎక్కువైందని ఒకాయన రాశాడు. ఆ సంగతి చాలా తక్కువ చెప్పిందని ఇంకొకావిడ రాసింది.

మేనేజరు డెల్బర్ట్ హైన్స్ ఆ రెండింటినీ ఆమె ముందు పెట్టాడు.

"మూడోది పడిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు లోర్నా."

అతను చెడ్డవాడేమీ కాదు. పైవాళ్లు ఎటు ఊపితే అటు తల ఊపే మనిషి, అంతే.

 లోర్నా భర్తకు వారానికి మూడుసార్లు డయాలసిస్. అదంతా ఈ ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్సు మీదే నడుస్తోంది.

మర్నాడు పది గంటల టూరులో ఒక ముసలాయన కనిపించాడు. మోకాళ్ల దాకా పాతకాలపు నల్లకోటు, చేతిలో టోపీ.

జూలై నాలుగు వస్తోందంటే వర్జీనియాలో ఆ వేషాలు మామూలే. పాత కోట్లు తొడుక్కుని తిరిగే సంఘాలవాళ్లకు దేశభక్తి ఒక పాలు ఎక్కువ. చీటీలు రాసేదీ ఎక్కువగా వాళ్లే. మూడో చీటీ ఈయనదేనని లోర్నా అనుకుంది.

ముందు హాల్లో, ఒకప్పటి ఆ ఇంటి యజమాని జడ్జి ఆంబ్రోస్ కెల్లమ్ కూర్చుని స్వేచ్ఛ గురించి వ్యాసాలు రాసుకున్న బల్ల చూపించింది. ఆయన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. షాపులో అమ్మే కప్పుల మీది అందమైన ముఖం డెల్బర్ట్ మేనల్లుడు గీసింది.

తర్వాత పెరట్లో వంటింటి దగ్గరికి తీసుకెళ్లింది. మనుషులంతా స్వేచ్ఛగా పుట్టారని రాసిన జడ్జి ఒక్క ఉదయంలో పదకొండు మంది బానిసలను అమ్మింది అక్కడే. అమ్మకపు కాగితంలో ఉన్న ఆ పదకొండు పేర్లనూ రోజూ చూడకుండా చెప్పడం లోర్నా పెట్టుకున్న నియమం. జూనో, ఫిబీ, క్యూడ్జో, హానిబల్... ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు తప్పింది. ముసలాయన కళ్లార్పకుండా చూస్తుంటే ఎనిమిదితో ఆపేసింది. మర్నాడు అయిదుకు దిగింది.

ఆయన మాత్రం రోజూ వచ్చాడు. ఎండకు అందరి చొక్కాలూ వీపులకు అంటుకుపోతున్నా ఆయన కోటు మీద చెమట చుక్క లేదు. ఆయన నిలబడిన వైపు నుంచి నేలమాళిగ తలుపు తీసినట్టు చల్లగాలి వచ్చేది. అలాంటి మనిషికి ఎవరైనా టిక్కెట్టిచ్చారా అని కౌంటర్లో అడిగితే, ఇవ్వలేదన్నారు.

ఆమె పేర్లు చెబుతున్నంతసేపూ ఆయన పెదవులు కదిలేవి. చీటీ కోసం గుర్తుపెట్టుకుంటున్నాడని ఆమె అనుకుంది.

మూడో రోజు ఆమె ఒక్క జూనో పేరే చెప్పి ఊరుకుంటే, ఆయనే దగ్గరికొచ్చి అడిగాడు.

"ఫిబీ పేరు వదిలేశారేమమ్మా?"

"టైము చాల్లేదండీ," అని తప్పించుకుంది.

జూలై నాలుగున పెరడంతా జనం. వెనక డెల్బర్ట్ కూడా నిలబడ్డాడు. ఆ నల్లకోటు ముందు వరసలోనే ఉంది.

లోర్నా పేర్లన్నీ వదిలేసి, జడ్జిగారు తన పనివాళ్లను కన్నబిడ్డల్లా చూసుకున్నారని చెప్పింది.

చప్పట్లు మోగాయి. డెల్బర్ట్ బొటనవేలెత్తి చూపించాడు. లోర్నాకు తన నోరు తనకే అసహ్యమనిపించింది.

జనం బాణసంచా చూడటానికి ఊళ్లోకి కదిలారు. ఆమె హాలు తలుపులు మూద్దామని వెళ్లేసరికి ముసలాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"ఇవాళ ఒక్క పేరూ చెప్పలేదు," అన్నాడు.

"మీకు కావలసింది అదే కదండీ. దయచేసి చీటీ మాత్రం రాయకండి. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నాడు."

"చీటీ ఏమిటో నాకు తెలీదమ్మా. ఈ ఇంట్లో నిజం నా మొహం మీద చెప్పే మనిషి మీరొక్కరే. మీరు చెప్పిన రోజు నాకు కాస్త కన్ను మూతపడుతుంది."

 లోర్నాకు ఎందుకో ఏడుపు వచ్చింది.

"ఉండండి, ఇప్పుడు చెబుతాను. జూనో, ఫిబీ..."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా ఒక్కడికే చెబితే ఏం లాభం? నలుగురూ వినాలి. నలుగురికీ ఇవాళ కన్నబిడ్డలని చెప్పేశారు."

మెట్లకు అడ్డంగా కట్టిన తాడు కదలనైనా కదల్లేదు. ఆయన అవతల ఉన్నాడు.

"పైకి వెళ్లకూడదండీ. అది జడ్జిగారి పడకగది. తాళం వేసి ఉంది," అంది లోర్నా.

పై మెట్టు మీద ఆగి ఆయన వెనక్కి తిరిగాడు.

"పదకొండు కాదమ్మా, పన్నెండు. ఫిబీ చంకలో పసివాడికి అప్పటికింకా పేరు పెట్టలేదు, అందుకే కాగితంలో వాణ్ణి రాయలేదు నేను," అని చెప్పి, తాళం వేసిన తన గదిలోకి వెళ్లిపోయాడు.