దబ్బనం గీసిన గీత

ఆ ఉదయం గుంటూరు మిర్చి యార్డుకి షాహిస్తా తెచ్చినవి ఇవి: గోతాల్లో నింపిన నలభై ఒక్క టిక్కీల ఎండుమిర్చి, ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్న పాత గ్రాఫింగ్ కాలిక్యులేటరు, దానికి వైరుతో తగిలించిన ఒక సబ్బుపెట్టె, చున్నీ చెంగున ముడేసిన కాగితం. కాగితం సంగతి తండ్రి లాల్ అహ్మద్‌కి కూడా చెప్పలేదు.

వ్యాపారి బాలస్వామి వరసలో అన్నిటికంటే ముందున్న టిక్కీలో చెయ్యి పెట్టి, నాలుగు కాయలు తీసి నలిపాడు.

"తేమ పద్నాలుగు శాతం. క్వింటాకి నాలుగు కిలోలు తరుగు. నలభై ఒక్క టిక్కీలు, రాసుకో," అన్నాడు గుమాస్తాతో.

"నలభయ్యే కదండీ!" అన్నాడు లాల్ అహ్మద్.

"నువ్వుండు నాన్నా," అంది షాహిస్తా. "తేమ పదేనండీ. తరుగుకి మేం ఒప్పుకోం."

"పదని ఎవరు చెప్పారమ్మాయ్?"

ఆమె సబ్బుపెట్టె చూపించింది. అందులోంచి రెండు దబ్బనాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. గోతాలు కుట్టే దబ్బనాలే.

బాలస్వామి పకపకా నవ్వాడు. "లెక్కలు చేసుకునే మిషనుకి మిరపకాయ సంగతేం తెలుసు? ఇది ముప్పై ఏళ్ల చెయ్యి!"

"దీని వయసు ఏడు నెలలేనండీ. కానీ నాలుగు బోర్డులు కాల్చుకుని నేర్చుకుంది. కాయలు తూచి, పెనం మీద ఎండబెట్టి, మళ్ళీ తూచి, రెండొందలసార్లు సరిచూశాను. మొదట్లో అంకె ఒక్కటే చూపించేది. పైన ఎండువి, అడుగున తడివి పోస్తే మోసపోయేది. అందుకే గీత గీయిస్తున్నా. దబ్బనం దిగేకొద్దీ లోపలి తేమ కాలిక్యులేటరు తెరమీదికొస్తుంది."

పక్క రాశి దగ్గర కూర్చున్న రైతు హనుమాయమ్మ లేచొచ్చింది. "నా టిక్కీకీ గుచ్చవే తల్లీ! ఈయన చెయ్యి నా సరుక్కి ఏటా పద్నాలుగే చెప్పిద్ది. ఎండలు ముదిరినా అంతే, వాన పడినా అంతే!"

చుట్టూ రైతులు గొల్లుమన్నారు. బాలస్వామి మొహం కాయల కంటే ఎర్రబడింది.

"గుచ్చు! ఇప్పుడు నేను చూసిన టిక్కీకే గుచ్చు. తేడా వస్తే ఈ డబ్బా మళ్ళీ యార్డు గేటు దాటి లోపలికి రాకూడదు."

"రాదు. మీ చెయ్యి తప్పని తేలితే మాకే కాదు, ఈ వరసలో ఎవరికీ తరుగు ఉండకూడదు. ఒప్పుకుంటారా?"

"ఇంతమందిలో చెప్తున్నా. ఒప్పుకున్నా!"

"వద్దమ్మా," లాల్ అహ్మద్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "రేపు కూడా ఈయనకే అమ్ముకోవాలి మనం."

"రేపటి తరుగు కూడా ఇవాళే తేలాలి నాన్నా."

దబ్బనాలు కాయల్లోకి దిగాయి. తెరమీద గీత పైనుంచి అడుగుదాకా తిన్నగా సాగింది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. పది.

"నీ మిషను నీ మాట వినకపోతే ఇంకెవరి మాట వినిద్ది?" అన్నాడు బాలస్వామి.

"అయితే మీరే ఇంకోసారి చూడండి. తొందరేం లేదు."

బాలస్వామి చొక్కా మడిచి, అదే టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దింపాడు. అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి నలిపాడు, చెవి దగ్గర ఆడించాడు, వాసన చూశాడు.

"పద్నాలుగు! కావాలంటే కాగితం తే, సంతకం పెడతా."

"సంతకం ఇదివరకే పెట్టారండీ."

షాహిస్తా చెంగుముడి విప్పి, కాగితం గుమాస్తా చేతికిచ్చింది. అతను చూసి మళ్ళీ మడవబోయాడు.

"చదవరా!" అరిచాడు బాలస్వామి.

"ఎండుమిర్చి, ఒక టిక్కీ. తేమ పది."

"ఎవడి సంతకం అది?"

"తమరిదేనండీ. నిన్నటి బిల్లు."

షాహిస్తా తండ్రి వైపు తిరిగింది.

"నీ లెక్కే కరెక్టు నాన్నా, మనవి నలభయ్యే. ముందు వరసలో పెట్టిన ఈ నలభై ఒకటోదానికి గోతం ఒక్కటే మనది, కాయలు నిన్న బాలస్వామి గారి కొట్లో కొన్నవి."