ఐదు వాద్యాలు, ఒక ప్రయాణికుడు

"ఆ పెట్టె మళ్లీ వెనక్కి తిప్పు బాబాయ్" అంది రేవులో తనిఖీ అధికారిణి.

ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న ఆపరేటర్ బెల్టును వెనక్కి నడిపాడు. పెట్టెలో ఒక తంతి వాద్యం. సొరబుర్ర పొట్ట, పొడుగాటి మెడ. ఆ పొట్టలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్న ఒక ఆకారం. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.

"పసిబిడ్డా?" అంది ఆమె గొంతు తగ్గించి.

"అలాగే ఉందమ్మాయ్."

ఆమె ఒక్క ఉదుటున బెల్టు దగ్గరికి వెళ్లింది. పెట్టెల యజమాని అక్కడే నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. సాయంత్రం అవతలి ఒడ్డున ఆయన కచేరీ. ఓడ బయల్దేరడానికి ఇంకా ముప్పావుగంట.

"తెరవండి."

ముసలాయన తెరిచాడు. ఆమె వాద్యం రంధ్రంలోంచి టార్చి వేసి చూసింది. ఎండిన బుర్ర, కాస్త దుమ్ము. అంతే.

"మళ్లీ పంపు బాబాయ్."

ఈసారి సొరబుర్ర ఖాళీ. దాని వెనకే వస్తున్న డోలులో ఉంది ఆ ఆకారం.

"ఇందాక దీంట్లో లేదే!" అన్నాడు ఆపరేటర్.

డోలు తీసి ఊపి చూశారు. చప్పుడు లేదు. మూడోసారి పంపితే, గుర్రం తల చెక్కిన రెండు తీగల వాద్యంలోకి మారింది. ఆ పెట్టె ఇరుకు. అందుకేనేమో, పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది.

"ఏమండీ, ఈ పెట్టెలు ఇవాళ్టికి తేలతాయా?" వరుసలోంచి ఒకావిడ అరిచింది. "ఓడ పోతే మమ్మల్ని మీరు భుజాన మోసుకెళ్తారా?"

అధికారిణి ఆ మాట వినిపించుకోలేదు. "పెద్దాయనా, లోపల ఎవరు?"

"వాద్యాలమ్మా. అయిదూ అయిదు దేశాలవి. ఆ గుర్రం తలది గడ్డి మైదానాల వాళ్లది. నేర్చుకోడానికి మూడేళ్లు గొర్రెల కాపరుల మధ్య పడుకున్నాను. డోలు దీవుల వాళ్లది. నాకు ఇల్లూ వాకిలీ లేవు తల్లీ. వీటిలోనే బతుకుతున్నాను."

"కబుర్లు తర్వాత. ఊపిరాడక ఏ బిడ్డో పోతే జవాబు నేను చెప్పాలి. నాకూ ఇంట్లో మూడేళ్లవాడున్నాడు." ఆమె వెనక్కి తిరిగింది. "వడ్రంగిని పిలవండి. అయిదూ కోసి చూద్దాం."

ముసలాయన ముఖంలో మార్పేమీ లేదు. చెయ్యి మాత్రం వచ్చి సొరబుర్ర మీద పడింది.

"వద్దు తల్లీ. కోస్తే నేను చచ్చిపోతాను."

"అందరూ అదే మాట. మొన్నొకాయన సూట్‌కేసు కోసినప్పుడు కూడా చచ్చిపోతానన్నాడు. నిన్న మళ్లీ ఇదే వరుసలో కనిపించాడు."

ఓడల మరమ్మతు చేసే వడ్రంగి రంపంతో వచ్చాడు. సొరబుర్రని బల్ల మీద పెట్టి, ఎక్కడ కోయాలో బొటనవేలితో తడిమాడు. ముసలాయన పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

"ఆగమ్మాయ్" అన్నాడు ఆపరేటర్. "ఒకసారి వాయించమను. పొట్టలో ఏదైనా కుక్కి ఉంటే తీగ మోగదు కదా? మిగతా నాలుగూ యంత్రంలోనే ఉంచుదాం. నేను చూస్తూ ఉంటాను."

అది ఆమెకి సబబుగానే తోచింది. రంపం పక్కన పెట్టించి, సొరబుర్ర వాద్యాన్ని ముసలాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని గుండెకి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

మొదటి తీగ మోగింది.

అప్పటిదాకా గోడకి తగిలించిన బొమ్మలా ఉన్న ముఖంలోకి రక్తం వచ్చింది. నుదుట చెమట పట్టింది. వేళ్లు ఇరవై తీగల మీద వానలా పరిగెత్తాయి. వరుసలో అరిచినావిడ చేతిలోని సంచి నేల మీద పెట్టేసింది. వడ్రంగి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ బుర్ర ఎంత నిండుగా మోగుతోందంటే, అందులో గాలి తప్ప మరేదీ పట్టేలా లేదు.

"నాలుగూ ఖాళీయే" అన్నాడు ఆపరేటర్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నలుసు కూడా లేదు."

ఆమెకి సిగ్గేసింది. పాట ఆగాక దగ్గరికి వెళ్లింది.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా. ఈ యంత్రం ముసలిదైపోయింది. మీ వాద్యాల జోలికి ఎవరూ రారు."

"చల్లగా ఉండు తల్లీ" అన్నాడాయన. కళ్లలో నీళ్లున్నాయి. సొరబుర్రని పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు. ఆపరేటర్ దాన్నీ బెల్టు మీదకి చేర్చాడు.

"సామాను అయింది. ఇక మీరు ఆ ద్వారంలోంచి నడిచి అవతలికి వెళ్లండి."

"నన్నూ చూడాలా?"

"రూలండీ. ఎవర్నీ వదలం."

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ద్వారానికి వేరే తెర ఉంది. పొద్దున్నుంచీ దాని మీద ప్రయాణికులంతా ఎముకల గూళ్లయి నడిచిపోతూనే ఉన్నారు. ఆయన అటు అడుగు వేశాడు.

"అమ్మాయ్!" ఆపరేటర్ కేక పెట్టాడు. "మళ్లీ వచ్చింది! సొరబుర్రలో, ఇందాకటిలాగే!"

"ఆగండి పెద్దాయనా!" అని అరుస్తూ ఆమె ద్వారం వైపు తిరిగింది.

అక్కడి తెర మీద నాలుగు గుండీలు, ఒక బెల్టు బకిలు, రెండు బూట్ల మేకులు వరుసగా నడుచుకుంటూ పోతున్నాయి. వాటి మధ్య ఒక్క ఎముక కూడా లేదు.