చక్కెర అయిపోయాక

గాజు తలుపులో మళ్లీ ఈరవ్వ కనిపించింది. అదే నుదురు, అవే కళ్లు.

యేసమ్మ గట్టిగా కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. వర్ని దగ్గరి ఊళ్లో ఇంటి గడప మీద కనిపించేది. చర్చిలో ప్రార్థన మధ్య కనిపించేది. ఇప్పుడు నిజామాబాద్ ల్యాబుకూ వెంటబడి వచ్చింది.

"ఇటు రా అవ్వా," ల్యాబులో పరీక్షలు చేసే సంజన మేడం వెనక నుంచి పిలిచింది.

యేసమ్మ మనుమడు శాంతి కుమార్ ఆసుపత్రిలో ఉన్నాడు. రెండేళ్లవాడు. జ్వరంతో అన్నం ముట్టక పడుకున్నాడు. లేపితే లేవలేదు. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచాడు. డాక్టర్లు వాడి రక్తం సంజనకు పంపారు.

యేసమ్మ పెద్ద కొడుకు లాజరు కూడా ఆ వయసులో అలాగే పడుకున్నాడు. మరి లేవనే లేదు. చివరిగా వాణ్ణి ఎత్తుకున్నది పక్కింటి ఈరవ్వ. బాణామతి చేసి చంపిందన్నారు. ఊరంతా కలిసి కొట్టి తరిమింది. ఏడాది తిరక్కుండానే ఆమె ఎక్కడో చచ్చిపోయిందని విన్నారు.

సంజన రెండు సీసాలు ముందు పెట్టింది. చదువుకున్న మనిషి మొహంలోకి చూడటానికి జంకి, యేసమ్మ సీసాలనే చూస్తూ కూర్చుంది.

"ఇది ఈస్టు అవ్వా, రొట్టె పొంగిచ్చేటిది. చక్కెర ఉన్నంతసేపు నూనెను ముట్టది. నూనెను కరిగిచ్చే జన్యువులను పండవెడుతది. చక్కెర అయిపోయి నూనె ఒక్కటే మిగిలితె అవ్వి లేస్తయి. గప్పుడు నూనె తిని బతుకుతది. మన ఒంట్ల కొవ్వు సుత గట్లనే కరుగుతది."

ఒక సీసా మజ్జిగలా చిక్కగా ఉంది. రెండోది తేటగా ఉంది.

"మొదటిదాంట్ల ఈస్టు నూనె తిని మంచిగ పెరిగింది. రెండోదాంట్ల ఈస్టుది తీసి మీ మనుమని జన్యువు వెట్టినం. లేసింది గని పని చేస్తలేదు. చక్కెర అయిపోంగనే ఈస్టు సచ్చిపోయింది."

"అంటే మా లాజరు..."

"గదే అయ్యుంటది. ఎవ్వరు ఏం చేయలే అవ్వా. ఆకలితోని పండుకున్నడు. మనుమని గట్ల పండనియ్యకుండ్రి. జరమొస్తె చక్కెర నీళ్లు తాపుకుంట దవాఖానకు ఉరుకుండ్రి. బతుకుతడు."

యేసమ్మ సంజన చేతులు పట్టుకుని, వాటి మీద తల ఆనించి ఏడ్చింది.

"ఈరవ్వ నన్ను ఇడ్సిపెడ్తలేదు బిడ్డా. గా గాజు తలుపుల నిలవడ్డది సూడు."

సంజన తల తిప్పి ఆ గాజు తలుపు వైపు చూసింది.

"గది నేనే అవ్వా, అచ్చం మా అమ్మ మొఖమే వచ్చిందంటరు నాకు."